సీడుకైతే చేయిస్తావు

ఆ ఫోను వంక చూసింది చాలు గానీ అన్నయ్యా, ఒక్కసారి నా వంక చూడు. ల్యాబువాడు చేస్తే అదే మోగుతుంది. పొద్దున్నే వట్లూరు నుంచి బయల్దేరి, కైకలూరులో బస్సు మారి, మీ కలిదిండి వచ్చేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. ఇంటికెళ్తే వదిన ఓ గ్లాసుడు మంచినీళ్లిచ్చి, చెరువు మీదున్నారు అని లోపలికెళ్లిపోయింది. కూర్చోమని కూడా అనలేదు. అనదులే. నెల్లాళ్ల నుంచీ నా పేరెత్తితేనే మొహం గంటు పెట్టుకుంటోందట.

ఇంతకీ నేనేమన్నానని? మా సాహితితో పెళ్లికి ముందు మీ సుకుమార్‌కి ఒక్క రక్తపరీక్ష చేయిద్దామన్నాను. అంతేగా. నా కొడుకు నీకు తిరుగుబోతులా కనబడుతున్నాడా అని వదిన ఫోన్లో గయ్యిమంది. నువ్వేమో పక్కనుంచి, ఊరంతా ఏమనుకుంటారు అన్నావు. రక్తం అనగానే మీ బుర్రలు ఆ రోగం దగ్గరికే పోతాయేం? వాణ్ణి ఎత్తుకు తిప్పినదాన్ని నేను. నా మేనల్లుడి సంగతి నాకు తెలీదూ?

ఉండు, లేవకు. రొయ్యపిల్లల సీడు వ్యాను గట్టు మీదే ఆగుంది, టెస్టు బాగుందని చెప్పేదాకా చెరువులో వదలవుగా. హేచరీవాళ్లు ఇచ్చిన రిపోర్టు చాలక నువ్వు మళ్లీ ల్యాబుకి పంపించావట. మంచిదే. నన్ను కాస్త చెప్పనీ.

సాహితికి నర్సింగు ఇది ఆఖరి సంవత్సరం కదా. వాళ్ల కాలేజీలో పద్మప్రియ మేడమ్ గారని ఉన్నారు. ఓరోజు క్లాసులో అడిగారట, పెళ్లికి ముందు ఆరోగ్య పరీక్షలు చేయించుకోవాలా అక్కర్లేదా అని. క్లాసంతా చేతులెత్తారట. ఎందుకు చేయించుకోవాలో గడగడా అప్పజెప్పారట కూడా. మరి మీ పెళ్లివారిని మీరు అడుగుతారా అన్నారట ఆవిడ. ఇంక చూస్కో, ఒక్కో చెయ్యీ దిగిపోయిందట. అడిగితే నాకే ఏదో లోపం ఉందనుకుంటారండీ అని ఒకమ్మాయి, మా నాన్నగారు చదువు మాన్పించేస్తారండీ అని ఇంకొకమ్మాయి. మన పిల్ల చెయ్యీ దిగింది. మామయ్యని ఏ మొహం పెట్టుకుని అడుగుతాను అనుకుందట. ఆ మేడమ్ గారే నవ్వేసి, నా పెళ్లికి నేనూ అడగలేదులే అన్నారట. రేపు పదిమందికి చెప్పాల్సిన వాళ్లే అలా ఉంటే, మీరు కోప్పడ్డారని నేనేమనుకుంటాను?

ఆ తర్వాత ఒకరికొకరు రక్తం తీసుకుని నేర్చుకుంటుంటే మన పిల్లకి రక్తం తక్కువని తేలింది. మాత్రలు మింగింది, బీట్‌రూట్ తాగింది, ఊహూఁ, ఎక్కలేదు. ఏలూరులో పెద్ద పరీక్ష చేయిస్తే తలసీమియా అన్నారు. భయపడకు, దానికి జబ్బు లేదు. ఒంట్లో మోస్తోందంతే. నూరేళ్లూ బతుకుతుంది. చేసుకునేవాడికి కూడా అదే ఉంటేనే చిక్కు. అప్పుడు పుట్టే బిడ్డకి అసలు జబ్బు రావచ్చు. వచ్చిందా, నెలనెలా ఆసుపత్రికి తీసుకెళ్లి రక్తం ఎక్కించాలి.

దానికెక్కడినుంచి వచ్చిందంటావా? మీ బావగారికి లేదు. నాకుంది. అది చెప్పలేకే ఇన్నాళ్లూ నీళ్లు నమిలాను. నాకుందంటే అమ్మ నుంచో నాన్న నుంచో వచ్చుండాలి. వాళ్లదీ మేనరికమేగా. మన తమ్ముడు చిన్నోడు గుర్తున్నాడా అన్నయ్యా? పాలిపోయి, పొట్ట ఉబ్బి, నాలుగడుగులేస్తే ఆయాసపడేవాడు. దిష్టన్నారు, పాండురోగమన్నారు, తాయెత్తులు కట్టారు, అయినా దక్కలేదు. నువ్వే వాణ్ణి భుజాల మీద ఎక్కించుకుని బడికి మోసుకెళ్లేవాడివి. వాడిది ఇదేనో కాదో ఇప్పుడెవరు చెప్తారు? వాడి సంగతి చెప్తుంటే సాహితి మాత్రం అన్నం ముందు నుంచి లేచెళ్లిపోయింది.

అదిగో, మోగుతోంది. మాట్లాడు.

ఏమన్నాడు? వైరస్సుందా? మరి వ్యాను వెనక్కి తిప్పించేశావా? అంతేనా? హేచరీవాళ్లని ఒక్క మాటా అనలేదేం? సీడుని అనుమానించావని వాళ్లూ ఏమీ అనుకోలేదు కదా. చెరువులో వదిలాక తెలిస్తే కొంప మునిగేది అన్నావు చూడు, ఆ మాట ఇంటికెళ్లి వదినకి చెప్పు. రొయ్యకైతే రెండోసారి కూడా చేయిస్తావు. కొడుక్కి చేయించమంటే, శ్రీరంగనాయకులు గారబ్బాయికి పరీక్షలేంటని ఊరంతా అనుకుంటారని నీకు పరువు అడ్డొచ్చింది.

సర్లే. ఇంక నావల్ల కాదు. నిన్ను అడగడానికి రాలేదన్నయ్యా నేను. ఆ దశ దాటిపోయింది.

మొన్న సుకుమార్ మా ఇంటికొచ్చాడు. మేత బేరానికని నీకు చెప్పి వచ్చాడట. వాడంతట వాడే చొక్కా చెయ్యి మడిచి, తియ్యి సాహితీ అన్నాడు. ఇంతమందికి తీసినదానికి, బావకి తీసేటప్పుడు నరం దొరకలేదట. నిన్న రిపోర్టు తెలుసుకోడానికి మళ్లీ వచ్చాడు.

వాడికీ ఉంది.

పెళ్లి చేసుకోకూడదని ఎవరూ అనలేదు. కడుపులో ఉండగానే చూసి చెప్తారట, జబ్బుందో లేదో. ఉంటే తీయించుకోవాలి. ప్రతిసారీ ఆ భయంతో మొయ్యలేను బావా అంది సాహితి. వాడు బతిమాలలేదు. వెళ్తూ వెళ్తూ, నాన్నకి నువ్వే చెప్పత్తా అని నా చెయ్యి పట్టుకున్నాడు. అది చెప్పలేదు, వాడు చెప్పలేడు, మీ బావగారికి మీ ఇంటివైపు చూడాలంటేనే మొహమాటం. అందరికీ నేనే దొరికాను.

వాణ్ణేమీ అనకు. వైశాఖానికి మాట్లాడిన మేళంవాళ్లకి నేనే చెప్పుకుంటాను. వదిన తిడితే పడతాను. నా కూతురు నీ కోడలవుతుందని అది పుట్టినప్పట్నుంచీ అనుకున్నాను, అదెలాగూ పోయింది. అమ్మ కడుపున పుట్టినవాళ్లలో మిగిలింది మనిద్దరమే కదా.

అలా నీళ్ల వంక చూస్తావేం? బస్సుకి వేళవుతోంది. ఈ ఊరు మళ్లీ రానా, మానెయ్యనా? అదొక్కటి చెప్పు, వెళ్తాను.