బీట్‌రూట్ లేని పది రోజులు

కైకలూరులో చేపల చెరువు చేసే ఆయన, ఆదివారం చర్చి నుంచి రాగానే వంటింటి గుమ్మంలో నిలబడి భార్యతో తగువు పెట్టుకున్నాడు.

“మళ్ళీ దొండకాయేనా? బీట్‌రూట్ ఏమైంది?”

“బజారులో దొరకలేదండీ.”

“ఇప్పుడే చూసొచ్చాను. కుప్పలు పోసున్నాయి.”

“చూసినవారు తేవాల్సింది.”

“ఒంటికి మంచిదని రోజూ పెట్టింది నువ్వేగా.”

ఆమె కత్తిపీట వాల్చి గొంతు తగ్గించింది.

“మరుగుదొడ్లో ఎర్రగా ఉందేమని అడిగితే బీట్‌రూట్ అన్నారు. నేను వండటం మానేసి పది రోజులైంది. పొద్దున మీ తర్వాత నేనే వెళ్ళాను. ఇంకా ఎర్రగానే ఉంది.”

ఆయన చొక్కా పైగుండీ విప్పుకున్నాడు.

“మొలలేమోనే.”

“మీ అన్నగారూ అదే మాటన్నారు. పెద్దపేగులో క్యాన్సరని తేలేసరికి లివరు దాకా పాకింది. తమ్ముడు కాబట్టి మీరూ పరీక్ష చేయించుకోవాలని డాక్టరు అప్పుడే చెప్పారు.”

“కింద నుంచి గొట్టం పెడతారట. సిగ్గుచేటు.”

“లోపల చిన్న కండ పెరిగుంటే అప్పుడే తీసేస్తారటండీ, ముదరకముందే. మీ చెరువులో చేపలు చచ్చి తేలేదాకా ఆగుతారా?”

“తేలాక చూసేదేముంది? నెలనెలా వలేసి చూసుకోవాలి.”

అనేశాక ఆయన తల వంచుకున్నాడు. ఆమె చెమట పట్టిన ఆయన మెడను కొంగుతో తుడిచింది.

భోజనాల దగ్గర ప్రార్థన ముగిశాక ఆయన కూతురి వైపు తిరిగాడు.

“నిస్సీ, మంగళవారం నేనూ అమ్మా విజయవాడ ఆసుపత్రికి వెళ్తున్నాం. నా కడుపులో వలేసి చూస్తారట.”

తర్వాత భార్య వైపు కంచం జరిపాడు.

“ఆ దొండకాయ ఇంకాస్త వెయ్యి.”