పైకి, లోపలికి

నవ్వు, నవ్వు. మందు సీసా చేతికిస్తే ఈ ముసల్ది ఇన్నిసార్లు ఎందుకడుగుతుందా అని నవ్వుతున్నావు కదూ? తాగేదా, రాసుకునేదా, నోరు తెరిచి చెప్పు, అప్పుడు మూత తీస్తాను. మీ అమ్మ నీకు కాంపౌండరు సంగతి చెప్పలేదా? దానికీ సగమే తెలుసులే. కూర్చో మరి, అలా గుమ్మంలో నిలబడితే నేను చెప్పలేను.

అప్పట్లో మేం ఉప్పు మడుల దగ్గర ఉండేవాళ్లం. మీ తాతయ్య అక్కడ బస్తాలు తూకం వేయించే గుమాస్తా. రెండు గదుల రేకుల ఇల్లు. ఇటు చూస్తే ఉప్పు, అటు చూస్తే ఇసుక. పచ్చటిదేదైనా కంటబడాలంటే నా పెట్టెలో చీర తీసి చూసుకోవాల్సిందే. ఊరు ఎడారికి అవతల, తొంభై మైళ్లు. వారానికొక్కసారి, సోమవారం నాడు లారీ వచ్చేది. సరుకులూ, ఉత్తరాలూ, మందులూ అన్నీ దాన్లోనే. ఏంటీ, ఫోనా? భలేదానివే, ఫోను ఉంటే నేనీ కథ ఎందుకు చెప్తాను? మీ తాతయ్యకి ఆ ఉప్పు గాలి పడక ఒకటే దగ్గు, దానికి తోడు మోకాళ్ల నొప్పులు. ముందు దగ్గొచ్చేది, ఆ వెనకాల ఆయనొచ్చేవారు. పని నుంచి వస్తున్నారని ఆ దగ్గు విని పొయ్యి వెలిగించేదాన్ని.

ఊళ్లో డాక్టరు దగ్గర ఈ కాంపౌండరుండేవాడు. సగంచెంచా అనేవాళ్లు అందరూ. కాఫీలో పంచదార ఎంత వెయ్యమన్నా 'సగం చెంచా చాలండీ' అనేవాడు, అదే పేరైపోయింది. గట్టిగా గాలేస్తే పడిపోయేట్టుండేవాడు, ఇంత మందాన కళ్లద్దాలు. అతనే మందులు కలిపి సీసాల మీద చీటీలు అంటించేవాడు. తాగే మందుకి 'లోపలికి', రాసుకునే మందుకి 'పైకి'. అంతే, ఒక్కో మాట. మిగతాదంతా పాత డ్రైవరు వచ్చి నోటితో చెప్పేవాడు, 'అమ్మగారూ, ఇది మూడు పూటలా తాగాలంట, ఇది పడుకోబోయే ముందు రాయాలంట' అని. నేనా చీటీల వంక చూసిన పాపాన పోలేదు. అప్పటికి నాకు కూడబలుక్కుని చదవడమే గొప్ప. ఆ సోమవారం పాత డ్రైవరుకి జ్వరమట, ఎవడో కొత్తవాడొచ్చాడు. రెండు సీసాలూ గడపలో పెట్టి, హారన్ కొట్టి పోయాడు. వాటిని నేనేం చేశానో తర్వాత చెప్తాను, ముందు అతని సంగతి విను.

మంగళవారం పొద్దున్నే కాంపౌండరు మందుల గది తలుపు తీశాడా, బల్ల మీద సీసాలు పెట్టిన చోట గుండ్రంగా రెండు మరకలున్నాయి. ఎడమ పక్క మరక నిండా చీమలట! అతనికి ఎప్పుడూ ఒకటే అలవాటు, తాగే మందు కుడి పక్క, రాసే మందు ఎడమ పక్క. దగ్గు మందు తియ్యటిది, రాసే మందుకి చీమలెందుకు పడతాయే? ముందు రోజు ఎవరితోనో మాట్లాడుతూ మందులు అటుదిటు పోసి, అలవాటు చొప్పున చీటీలు అంటించేశాడన్నమాట. రెండూ ఒకే రంగు సీసాలు. ఆ రాసే మందు లోపలికి పోయిందంటే రెండు మూడు రోజుల్లో మనిషి దక్కడు. పైప్రాణాలు పైనే పోయాయట పాపం. డాక్టరు ఊళ్లో లేడు, కారూ ఆయనతోనే పోయింది. పక్క కొట్టాయన ఏమన్నాడో తెలుసా? 'ఊరుకోవయ్యా బాబూ, అసలే దగ్గు మనిషి, దగ్గుతోనే పోయాడనుకుంటారు. నోరు మూసుకుంటే నీ ఉద్యోగం నీకుంటుంది.' చూడు, ఎంత చల్లగా చెప్పాడో! మన కాంపౌండరు మాత్రం సైకిలు బయటికి తీశాడు.

ఎడారంటే నీకు ఫొటోల్లో చూసినట్టు ఉండదే. లారీ చక్రాల జాడలో తొక్కాలి, జాడ తప్పితే బండి కూరుకుపోతుంది, దిగి తొయ్యాలి. నీళ్లకి ఏమీ దొరక్క రోగులకి కాపడం పెట్టే రబ్బరు సంచీలు రెండు నింపి హ్యాండిలుకి కట్టుకున్నాడు. 'వదినా, పదింటికల్లా అవి నిజంగానే వేణ్ణీళ్ల సంచీలైపోయాయి' అని తర్వాత చెప్పి నవ్వాడు. మధ్యాహ్నం సైకిలు మీద దుప్పటి కప్పి దాని కింద ముడుచుకున్నాడట. వెనక టైరులో ముల్లు దిగితే, ఉన్న బ్యాండేజీ చుట్టలన్నీ లోపల కుక్కి, పైన కట్టు కట్టాడు. ఎంతైనా కాంపౌండరు కదా! దారిపొడుగునా ఒకటే లెక్కట. సోమవారం సాయంత్రం ఒక చెంచా, మంగళవారం మూడు, బుధవారం పొద్దున ఒకటి, అయిదు. ఇంకో ఇసుక దిబ్బ దాటేసరికి మధ్యాహ్నమైంది, ఆరు. ఆ ఆరో చెంచా దగ్గర గట్టిగా ఏడుస్తూ తొక్కాడట, వినేవాళ్లెవరూ లేరు కదా అని.

బుధవారం మధ్యాహ్నం మా ఇంటి ముందుకొచ్చాడు. వచ్చి ఆగిపోయాడు. ఎందుకంటే ఇంట్లోంచి దగ్గు వినపడలేదు. మా ఇంటి ముందు నిలబడితే దగ్గు వినపడకపోవడమేంటి? ఇంక అయిపోయిందనుకున్నాడు. అలాగే ఇసకలో కూలబడ్డాడు. నేను గిన్నెలు కడిగిన నీళ్లు పారబోద్దామని తలుపు తీస్తే ఎదురుగా ఈ మనిషి, పెదాలు పగిలిపోయి, మొహం మాడిపోయి. గుర్తు పట్టలేదు ముందు. నన్ను చూడగానే ఒక్కటే ముక్క అడిగాడు, 'వదినా, అన్నయ్య తాగాడా?'

నాకెంత ఒళ్లు మండిందనుకున్నావు! ఆయన తాగుడు మానేసి మూడేళ్లు, నేను మాన్పించాను, నానా చావూ చచ్చి. 'నీకేం పోయేకాలం వచ్చిందయ్యా, మిట్టమధ్యాహ్నం సైకిలేసుకొచ్చి మా ఆయన తాగాడా అని అడగడానికి? చుక్క ముట్టరు ఆయన, ముట్టరు!' అని గయ్యిమన్నాను. వాడేమో రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టేస్తున్నాడు. నా అరుపులకి లోపల నిద్దరోతున్న ఆయన లేచి, 'ఎవరే, ఎవరితోనే ఆ గొడవ' అంటూ ఖళ్లుఖళ్లుమని దగ్గుకుంటూ వచ్చారు. ఆ దగ్గు విని వాడి మొహం చూడాలి! 'ఇంకోసారి దగ్గన్నయ్యా, నీకు పుణ్యముంటుంది' అన్నాడు. మీ తాతయ్య, 'వీడికి వడదెబ్బ తగిలిందే, నీళ్లు పట్రా' అన్నారు.

నీళ్లు తాగాక సీసాలేవన్నాడు. చూపించాను. 'పైకి' అన్నది బీరువా పైన, 'లోపలికి' అన్నది బీరువా లోపల. 'నువ్వే కదయ్యా రాశావు, ఎక్కడ పెట్టాలో' అన్నాను. ఏది తాగేదో, ఎన్ని చెంచాలో చెప్పేవాడు రాలేదని మూత కూడా తియ్యలేదు నేను. రెండ్రోజులుగా మీ తాతయ్య ఒకటే సణుగుడు, మందు చేతిలో పెట్టుకుని నన్ను దగ్గిస్తున్నావని. వాడు ఆ సీసాలు రెండూ ఒళ్లో పెట్టుకుని నవ్వాడమ్మా, నవ్వి నవ్వి ఏడ్చాడు, మళ్లీ నవ్వాడు. ఎందుకో తెలిశాక మాకూ ఆగలేదు, ముగ్గురం నేల మీదే చతికిలబడ్డాం. ఎంత తేలికైపోయిందో ప్రాణం.

అంతా అంటారు, పాపం ఉత్తినే తొక్కాడు, వాళ్లు మూతే తియ్యలేదుగా అని. ఉత్తినే ఏంటి? వచ్చే సోమవారం పాత డ్రైవరొచ్చేవాడు. 'అయ్యో అమ్మగారూ, లోపలికంటే తాగేదండీ, మూడు పూటలా' అని చెప్పేవాడు. నేను సరేనని చెంచా కడుక్కుని, నా చేత్తోనే, ఆయన తల పట్టుకుని...

ఎండ తగ్గినట్టుందే. ఆ తలుపు తియ్యి, కాస్త గాలి రానీ.