ఉప్పు మాట ఎత్తొద్దు

కనకమ్మ సత్రం ఊళ్ళో, తమ ఇంటి పెరటి అరుగు మీద పుష్పవల్లమ్మ కండ్లకు మనవరాలు ధరణి చున్నీ కట్టింది. తినేది అవ్వ, రాసుకునేది మనవరాలు.

“ముక్కు గూడా మూసేసినావు కదే. ఏం ఉద్యోగమే ఇది, తినేదానికి జీతమా?”

“తిరువళ్ళూరు బిస్కెట్ల కంపెనీలో అంతేవ్వా. రేపు పరీక్షలో నాకూ ఇట్లే కండ్లు కట్టి పెడతారు. నోట్లో ఎట్లుండాదో చెప్పాల. కరకరలాడేదానికి అరవంలో ‘మొరుమొరు’ అంటారే, అది తప్ప నాకు ఇంకో మాట రాదు. ఊ, నోరు తెరు.”

“ఆఁ... మురుకు. ముందు పటుక్కుమనింది, ఆమీద కరకర. కడాకు పొడిపొడై పంటి సందులో కూచునింది, మీ తాత మాదిరి. లేపితే లేస్తేనా!”

“తాతను రాసుకోను. ఉప్పెట్లుంది?”

“ఉప్పు మాటెందుకిప్పుడు? ఇంకోటి పెట్టు.”

“ఇదో.”

“బెండకాయ పులుసు. జారుడు. నమిలే పనే లేదు, మనల్ని అడక్కుండానే గొంతులోకి దిగబడతాది.”

“పులుపు చాలిందా?”

“పులుసులో పులుపుండదా? నోట్లో ఎట్లుందో చెప్పమంటివి, చెప్తిని!”

“సరి, సరి. ఇది?”

“బిస్కెట్టు. పైన పలక, లోపల ఇసక. రెండు నముళ్ళకే కరిగి అంగిలికి మెత్తుకునింది. నాలికతో గీకాల.”

“తీపా, ఉప్పా?”

“ఇంకో ముక్క పెట్టు.”

“తీపా, ఉప్పా అవ్వా?”

“...తీపే. పైన చక్కెర పలుకులు తగల్తాండాయి కదా.”

“అవి ఉప్పు పలుకులవ్వా.”

“కండ్లు కట్టింది నువ్వే కదా!”

“కండ్లకు కట్టినా. నాలిక్కి కాదే.”

“ఆ నీళ్ళ చెంబిట్లియ్యి.”

“అవ్వా.”

“మొన్నటేడు జొరమొచ్చింది చూడు, అప్పుడు పోయింది రుచి. మళ్ళా రాలే. కరకర, జారుడు, ఇవే మిగిలినాయి. ఒగోసారి ఏడుపొస్తాదే ధరణీ. మీ అమ్మకు మాత్రం చెప్పొద్దు. తెలిసిందంటే గరిటె లాక్కుని ఒక మూల కూచోబెడతాది. పొయ్యి కాడికి పోకుంటే ఈ ఇంట్లో నాకేం పని? అయినా ఇన్ని దినాల్లో నా సాంబారుకు ఉప్పు తక్కువని ఒక్కరన్నా అనినారా?”

“అనరు. నువ్వు దించి ఇవతలికి రాంగానే ఉప్పు సరిచేసేది నేను. ఉద్యోగమొస్తే పొద్దున ఆరింటికే బస్సెక్కాల. గంతలిప్పి రావ్వా, నీ చేతికి ఉప్పు కొలత నేర్పిస్తా.”