గోరువెచ్చ మాస్టారి ఒక్క పొరపాటు

అధ్యక్ష స్థానంలో ఉన్న పెద్ద ఇంజనీరు గారికి, కరెంటు మీటర్ల పరీక్షాశాల పెద్దలకు, మాస్టారి కుటుంబానికి, భోజనాలు ఆలస్యమవుతున్నా ఓపిగ్గా కూర్చున్న మిత్రులందరికీ నమస్కారం. నేను ఇక్కడ శిక్షణ పొందుతున్న విద్యార్థినిని. ఉద్యోగ విరమణ చేస్తున్న మాస్టారిని దీపంతో పోలుస్తూ రెండు పేజీలు రాసుకొచ్చాను. కానీ అధ్యక్షులవారు ఇందాక రిజిస్టరు తెరిచి, "ముప్పై నాలుగేళ్లలో ఈయన చేసింది ఒకే ఒక్క పొరపాటు" అని మెచ్చుకున్నారు చూశారా, అది విన్నాక ఆ పేజీలు చదవలేను.

మీటరు దగ్గరకు వెళ్లకుండా, ఇక్కడ తెర ముందు కూర్చునే దాన్ని పరీక్షించి సరిచేసే పద్ధతి వచ్చాక కూడా మాస్టారు ఒక అలవాటు మానలేదు. అక్కడ లైన్‌మన్ పోల్చి చూడటానికి మన ప్రామాణిక మీటరు పక్కన బిగించాక, అది అరగంట వేడెక్కితేగానీ దాని లెక్క నమ్మకూడదు కాబట్టి, ఆయన ఫోను చేసేవారు. "బాబూ, ఆ మీటరు పెట్టె మీద అరచెయ్యి పెట్టు. గోరువెచ్చగా ఉందా?"

"దీని తెర మీద రెడీ అని వచ్చింది కదండీ!"

"తెరకి చెయ్యి లేదు, నీకుంది. పెట్టు."

అలా ఆయన గోరువెచ్చ మాస్టారయ్యారు. ఆ పేరు పెట్టిన లైన్‌మన్ గారు మూడో వరసలో తల దించుకున్నారు. (నవ్వులు)

కిందటేడు మాస్టారు కంటి పరీక్షకు వెళ్లిన ఒక ఉదయం, ఆయన వచ్చేలోగా పని పూర్తిచేసి శభాష్ అనిపించుకుందామని, ఆయన పేరుతో తెరిచి ఉన్న తెర నుంచే ఒక కర్మాగారం మీటరుకు సవరణ పంపేశాను. ఫోను చేయలేదు. ప్రామాణిక మీటరు పెట్టె ఇంకా చల్లగానే ఉందట. దాని లెక్క నమ్మి సరిగ్గా ఉన్న మీటరును సరిచేసి చెడగొట్టాను.

మాస్టారు వచ్చారు, కనిపెట్టారు, ఆ రోజే మళ్లీ పరీక్ష చేసి సరిదిద్దారు. తర్వాత రిజిస్టరు తీసి, "సవరణ తప్పు. బాధ్యత నాది" అని రాశారు.

"నేను చేసింది మాస్టారూ, నా పేరు రాయండి" అని ఏడ్చాను.

"రాయడానికి నీకింకా పేరెక్కడుందమ్మా? ఇప్పుడు మరక పడితే అదే నీ పేరవుతుంది. నాది పాత చొక్కా, కనబడదులే."

కనబడింది మాస్టారూ. ఇవాళ అందరి ముందూ చదివారు.

(మాస్టారి వైపు తిరిగి)

వద్దని చెయ్యి ఊపుతున్నారు. ఈ ఒక్కసారికి మీ మాట వినను. ప్రామాణికంలో తప్పుంటే దానితో పోల్చినవన్నీ తప్పవుతాయని మీరే చెప్పారు. ఈ శాలలో మేమంతా పోల్చుకునేది మీతోనే.

అధ్యక్షులవారూ, రిజిస్టరు మీ ముందే ఉంది. ఆ వాక్యం కింద నిజం రాసి, ఈ రోజు తారీఖు వేసి, సంతకం చేయనివ్వండి.

కలం అందించినందుకు కృతజ్ఞతలు. విన్న మీకందరికీ ధన్యవాదాలు. నిలబడే రాస్తున్నాను మాస్టారూ, అక్షరాలు వంకరగా వస్తే ఏమనుకోకండి. సెలవు.