పాటలో కైరూనత్త చోటు

"అవ్వా, పోయిన ఆదివారం స్తుతిపాట మధ్యలో ఎందుకు లేసి బయటికి పోయినావు? అందరూ నన్నే అడుగుతాండారు."

అడగనీలే. నువ్వు అడిగితివి కాబట్టి చెప్తా, కూర్చో. ముందు ఆ కీబోర్డు పక్కన పెట్టు. మదనపల్లెలో నేర్చుకోని వచ్చినావు, బాగానే వాయిస్తాండావు, కాదనను. కానీ పాపా, "చేరెడు గింజలకు స్తోత్రం" అని పాడినాక కొంచేపు ఊరికే ఉండాల. ఆడ మీరేం చేసినారు? డబడబా డ్రమ్ములు కొట్టి ఆ చోటంతా నింపేసినారు. అందుకే లేసి పోతి. అది ఖాళీ అనుకుంటిరా? అది కైరూనత్తది.

ఎవరంటావా? పుంగనూరులో మా ఇంటి పక్కనామె. వాళ్ళాయన ఇత్తడి గిన్నెలకు కళాయి పూసేవాడు. మాకూ వాళ్ళకూ కలిపి ఒకటే ఇసుర్రాయి. ఊర్లోకి పిండి మిషను వచ్చింది గానీ, ఆడించేదానికి మా దగ్గర అణా యాడిది? అణా అంటే నీకు తెలీదులే. పొద్దున్నే అమ్మ ఈ పక్క, కైరూనత్త ఆ పక్క, నడుమ రాయి. రాగులు ఇసిరేవాళ్ళు.

మా నాయన బావి తవ్వుతాంటే మట్టిపెళ్ళ ఇరిగి మీద పడి పోయినాడు. అప్పుడు నాకు ఏడేండ్లు... కాదు, ఎనిమిది, తమ్ముడు అప్పటికే నడుస్తాండాడు. ఆ పొద్దు నుంచి అమ్మ నోరు తెరవలా. ఏడుపూ లేదు, ప్రార్థనా లేదు. నన్ను పేరు పెట్టి పిలిచేది కూడా మానేసె. కైరూనత్త మాత్రం రోజూ వచ్చి ఎదురుగా కూర్చోని, వాళ్ళమ్మ నేర్పిన ఇసురుడు పాట ఉర్దూలో పాడేది. ఒక వరస పాడి, రాయి నిదానం చేసి, చేరెడు రాగులు రాయి నోట్లో పోసి, మళ్ళీ ఎత్తుకునేది. అమ్మ పలక్కపోయినా పాడేది. ఎన్ని నెలలో.

ఒక పొద్దు కైరూనత్తకు జలుబు చేసి గొంతు రాలా. ఇద్దరూ పాట లేకుండా వట్టిగా రాయి తిప్పుతాండారు. ఉన్నట్టుండి అమ్మ అదే రాగంలో, మన మాటల్లో ఎత్తుకునె. "చేరెడు గింజలకు స్తోత్రం..." అని ఆగె. కైరూనత్త ఏడుస్తానే చేరెడు పోసె. "చెయ్యి ఆడినందుకు స్తోత్రం" అనె అమ్మ. నేను పొయ్యి కాడ ఉండాను. అమ్మ గొంతు ఎట్లుంటాదో మర్చిపోయింటిని పాపా నేను.

ఆ పొద్దు నుంచి అమ్మ పాడేది, అత్త పోసేది. మన చర్చి పాస్టరు అయ్యగారికి తెలిసి ఆదివారం మందిరంలో పాడమన్యాడు. అమ్మ లేసి నిలబడె. గొంతు రాలా. వెనక నుంచి ఒకాయన, "రాగులిసిరే పాటకు ఇంత బెట్టా?" అనె, నలుగురూ నవ్వినారు. అమ్మ అనింది, "చేతిలో రాయి లేకుంటే నాకు పాట రాదయ్యా." అయ్యగారు మంచోడు, రాయి మోయించుకోని తెప్పించె. అమ్మ ఒక వరస పాడి ఆగె. ఎదురుగా ఎవరూ లేరు. అయ్యగారి భార్య పాపం వచ్చి పోసె. పోసింది సూడు, రెండు దోసిళ్ళు ఒకేసారి! రాయి బిగుసుకుపాయె. కైరూనత్తను పిల్చుకోని వచ్చేదానికి నేను ఇంటికాడికి పరిగెత్తితి.

కైరూనత్త తలమీద కొంగు లాక్కోని వచ్చి మందిరం గడప దగ్గర నిలబడె. "అక్కా, నేను లోపలికి రావచ్చునా?"

"నువ్వు రాకుంటే పాట యాడిది? రా," అనె అమ్మ.

కూర్చుంటా కూర్చుంటా, "మీ దేవునికి సంగటి ఇష్టమేనా అక్కా?" అనె. ఇందాక నవ్వినోళ్ళు మళ్ళీ నవ్వినారు. ఈసారి వేరే నవ్వు.

ఆమె మన మాటలు పాడలా. ఆమె నమాజు ఆమెది, మన ప్రార్థన మనది. ఆమె చేరెడు పోసేంత సేపు మందిరమంతా ఆమె చేతినే సూస్తా ఉండె. గింజలు రాయిలోకి జారే సప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉండాది.

తర్వాత అయ్యగారికి కుప్పం బదిలీ అయింది. పాటా ఆయనతో పోయి, ఆడినుంచి అచ్చు పుస్తకంలో మనకే తిరిగొచ్చె. రాగం ఎవరిదో వేయలా. పోనీ, ఆ ఇద్దరూ సదువు రానోళ్ళు, ఇప్పుడు లేరు కూడా. పాటలో కైరూనత్తకు మిగిలింది ఆ చోటొక్కటే. దాన్నీ తీసేస్తే ఎట్ల పాపా?

ఏం, ఏడుస్తాండావా? పిచ్చిదానా, నేనేమన్నా కొట్టినానా. తీసుకో ఆ కీబోర్డు. ఊ... చేరెడు గింజలకు స్తోత్రం... ఆగు. చెయ్యి తీయ్. ఇంకా. ఇంకా... ఆ, కైరూనత్త పోసింది. ఇప్పుడు ఎత్తుకో.

నీ చెయ్యి ఎప్పుడూ ఇట్లే ఆడతా ఉండాల తల్లీ...