బల్లమీద సెనేటర్

అబ్బబ్బ, అలా గింజుకోకండి సెనేటర్ గారూ! పట్టీలు నేనే బిగించాను, ఊడవు. "నిజం కేసులాగే కట్టండి, ఫోటో బాగా రావాలి" అన్నది మీరే కదా? ఒళ్లంతా ఈ రోగుల బల్లకి బిగింపు, మెడకు పట్టీ, నుదుటికి టేపు, ముక్కూ నోరూ మూసేస్తూ ఆక్సిజన్ మాస్కు. ఇప్పుడు అందులోంచి గొణిగితే నాకేం వినపడుతుంది?

ఎవరూ రారు. ఫోటోల వాళ్లూ, మీ సహాయకుడూ, నా అంబులెన్సు క్లాసు పిల్లలూ అందరూ పక్క గదిలో చిల్లీ మాంసం కూర గిన్నెల మీదా దాల్చినచెక్క రోల్సు మీదా పడ్డారు. "మీరెళ్లి తినండి, ఈయన్ని నేను విప్పుతాను" అని చెప్పి పంపాను. విప్పుతాలే. తొందరేం?

ఇక గారూ గీరూ ఎందుకులే లైల్. బడిలో నా వెనక బెంచీలో కూచుని నా లెక్కలన్నీ చూసి రాసినవాడివి, నీకు మర్యాదలేంటి?

ఇందాక నడవాలో నీ సహాయకుడితో ఏమన్నావు? "ఫోటో దిగి పోదాం. రేపు రాజధానిలో ఓటు మాత్రం వద్దనే వేస్తా. అంబులెన్సు చదువులకి రాష్ట్రం డబ్బు పొయ్యడం దండగ." అన్నావా లేదా? తలుపు వెనక మంచు బూట్లు విప్పుకుంటున్నాను, అంతా విన్నాను. ఆ తర్వాత వచ్చి ఈ పిల్లల భుజాల మీద చేతులేసి "మీరే మన ఊరి ప్రాణం" అంటావా! సిగ్గన్నది ఉందా నీకు? ఊళ్లో విరాళాలు పోగేసి, నానా తంటాలు పడి ఈ క్లాసు మళ్లీ తెరిపించాం. రేపు నువ్వు వద్దంటే నడిమధ్యలో ఆగిపోతుంది, తెలుసా?

కిందటిసారి ఇదే డబ్బు ఓటుకొచ్చినప్పుడూ నువ్వే వద్దన్నావు. కాలేజీ వాళ్లు క్లాసు మూసేశారు. మన అంబులెన్సు మీద పనిచేసే ముసలివాళ్లు ఒక్కొక్కరే మానుకున్నారు. వాళ్ల చోట్లోకి వచ్చేవాళ్లేరీ?

మా ఆయన మైలో అలాగే పోయాడు. సమాధి దగ్గర నా చెయ్యి పట్టుకుని "దేవుడి నిర్ణయం ఆర్లిస్" అన్నావు, గుర్తుందా? దేవుణ్ణెందుకు లాగుతావయ్యా మధ్యలోకి? పట్టపగలు, మొక్కజొన్న గాదె పక్కన, గుండె పట్టుకుని కూలిపోయాడు. ఊళ్లో సైరన్ మోగింది. బండి షెడ్లోనే ఉంది, కడిగి తుడిచి తళతళలాడుతూ. నడిపేవాడూ ఉన్నాడు. వెనక ఎక్కి మనిషిని చూసుకోవడం నేర్చినవాళ్లే లేరు! పక్క కౌంటీ నుంచి బండి వచ్చేసరికి మైలో చెయ్యి నా చేతిలోనే చల్లబడిపోయింది. ఆకాశంకేసి చూస్తూ పడున్నాడు, ఇప్పుడు నువ్వు పైకప్పుకేసి చూస్తున్నావే, అలా.

నా కడుపు మంట ఇంకా ఆరలేదు లైల్. అందుకే ఆ చదువు నేను చదివాను. ఈ నెబ్రాస్కా మంచులో కారేసుకుని పొరుగు రాష్ట్రానికి వెళ్లి మరీ నేర్చుకున్నాను. నువ్వెప్పుడు నా చేతికి చిక్కుతావా అని కాచుకుని ఉన్నాను. చిక్కావు! ఎవరూ లాక్కురాలేదు, నీ అంతట నువ్వే వచ్చి పడుకున్నావు.

ఇప్పుడేం చేస్తానో తెలుసా? దీపాలార్పేసి తలుపేసుకుని పోతాను. హాయిగా కూచుని నేనూ ఓ గిన్నె చిల్లీ తింటాను. అరిచినా ఎవరూ రాకపోవడమంటే ఏమిటో నీకూ తెలియాలి. అందాకా కుక్కిన పేనులా పడుండు.

వెళ్తున్నా.

ఛీ! ఛీ!

తలుపుదాకా వెళ్లాను, చూశావుగా. అదే, నువ్వెక్కడ చూస్తావ్, మెడ తిరగదు. కాళ్లు రావట్లేదు లైల్. వచ్చీరాగానే "మా ఊరి చిల్లీ, మా ఊరి చిల్లీ" అంటూ రెండు గిన్నెలు లాగించి పడుకున్నావు. వెల్లకిలా కట్టేసిన మనిషి కక్కుకున్నాడంటే ఊపిరాడక చస్తాడు. కట్టిన రోగిని వదిలి అడుగు కదలకూడదని ఈ గదిలో మొట్టమొదట నేర్పేది నేనే. దుప్పటి తేవడానికి వెళ్లిందని పోయినవారం టెస్ అనే పిల్లని పరీక్షలో ఫెయిల్ చేశాను. ఎంత ఏడ్చిందో పాపం.

చూశావా నా ఖర్మ! ఇన్నాళ్ల పగ ఇవాళ తీర్చుకుందామంటే ఈ పాడు చదువు నా కొంగు పట్టుకుని లాగుతోంది. దండగన్నావే, ఆ చదువే నీకు కాపలా కూచుంది. రేపు నువ్వెటు ఓటేస్తే అటు వెయ్యి. ఇవాళ మాత్రం నీ తల పక్కనించి లేవను. పిల్లలు తిని రానీ, వాళ్ల ముందే విప్పుతా.

ఏంటీ, కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నాయే? ముక్కు దురదా? కట్టిన ప్రతివాడికీ పుడుతుంది అది.

గోకను. ఆ పాటి కక్షన్నా నన్ను తీర్చుకోనీ.