నాలుగు వేల లీటర్ల నమ్మకం

1988వ సంవత్సరం జూలై నాలుగవ తేదీన మన నీటి సరఫరా కార్యాలయంలో సహాయ ఇంజనీరుగా చేరి, అంచెలంచెలుగా ఎదిగి, నేడు పర్యవేక్షక ఇంజనీరు హోదాలో పదవీ విరమణ చేస్తున్న మన మేడమ్‌గారికి సహోద్యోగులందరి పక్షాన సవినయ అభినందనలు. చాటున అందరూ తమను 'లీటరమ్మ' అని పిలుచుకుంటారని వారికి మొదటి నుంచీ తెలుసు. తెలియనట్లు నటించడం వారి సంస్కారం.

వారు చేరిన నాటికి ఇక్కడి కొలతలు ఎవరి దారి వారిదన్నట్లుండేవి. పాత ట్యాంకుల ఎత్తు అడుగుల్లో, వాటిలోని నీరు గ్యాలన్లలో, కొత్త గొట్టాలు మిల్లీమీటర్లలో ఉండగా, పీడనాన్ని ఒక మీటరు పౌండ్లలోను, పక్కనున్నది నీరెక్కే ఎత్తు లెక్కన మీటర్లలోను చూపేది. వీటన్నిటినీ ఒక్క తాటిపైకి తెచ్చే భగీరథ ప్రయత్నంలో మునిగిన మేడమ్‌గారికి క్రమేణా లోకమంతా కొలతలమయంగానే కనిపించసాగింది. "టీ ఎంత పొయ్యమంటారు మేడమ్?" అని క్యాంటీనాయన అడిగితే "నూట ఇరవై" అన్నారట. "అంత ఖరీదు టీ మా దగ్గర లేదండీ" అన్నాడట ఆయన.

ఉప కార్యనిర్వాహక ఇంజనీరుగా పదోన్నతి పొందిన కొత్తలో, ఆసుపత్రి పై అంతస్తుకు నీళ్లెక్కడం లేదని ఫిర్యాదు వచ్చింది. "పీడనం ముల్లు ఇరవై మీద ఉంది మేడమ్. నీళ్లు ఇరవై మీటర్లెక్కాలి. పై కుళాయి పదహారు మీటర్లే కదా, లోపం గొట్టాల్లోనే ఉంది" అని గుత్తేదారు గోడలు పగలగొట్టించడానికి సిద్ధమయ్యాడు. మేడమ్‌గారు ఆ మీటరు అద్దం మీది దుమ్ము రుమాలుతో తుడిచి చూశారు. అది పౌండ్ల మీటరు.

"ఇరవై పౌండ్లంటే పద్నాలుగు మీటర్లే నాయనా. మిగతా రెండు మీటర్లూ రోగులు కిందికి దిగి రావాలా?"

పంపు మార్చారు, గోడలు బతికాయి.

అంతటివారికీ తడబడే రోజు ఒకటి వచ్చింది. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్టిలో పడ్డ చందాన, సొంత ఇంటి మిద్దె మీదికి నాలుగు వేల లీటర్ల ఉక్కు ట్యాంకు చేయించబోయి మేడమ్‌గారు బోల్తాపడ్డారు. ఎత్తు రెండు మీటర్లు, వ్యాసార్ధం ఎనభై సెంటీమీటర్లు. లెక్కలో దోషం లేదు. కానీ తయారీదారుకు ఫోనులో చెప్పేటప్పుడు నోరు జారి "అడ్డంగా ఎనభై" అన్నారు. అతడు అలాగే చేసి, వారు పర్యటనలో ఉండగా మిద్దె మీద నిలబెట్టి వెళ్లాడు. అడ్డం కొలత సగమైతే నీళ్లు సగం కావు, పావు వంతవుతాయి. ఇంట్లో ముగ్గురే కావడంతో తేడా ఎవరికీ తెలియలేదు.

అమ్మాయి సంబంధం ఖాయం చేసుకోవడానికి అబ్బాయి తరఫువారు కుటుంబసమేతంగా వచ్చి రెండు రోజులున్నారు. రెండో రోజు వీధి కుళాయి రాలేదు. కాబోయే వియ్యంకులవారు తలకు సబ్బు పట్టించిన తరుణంలో స్నానాలగదిలో ధార ఆగింది.

"అన్నయ్యగారూ, వాల్వు బిగుసుకుని ఉంటుంది. ట్యాంకులో నాలుగు వేల లీటర్లున్నాయి, అయిపోయే ప్రశ్నే లేదు" అని మేడమ్‌గారు తలుపు బయటి నుంచి ధైర్యం చెప్పారు.

"ఆ నాలుగు వేలల్లో నాకు ఒక్క చెంబు ఇప్పించమ్మా. కళ్లు మండుతున్నాయి."

మిద్దె మీది నుంచి భర్తగారి గొంతు వినిపించింది. "ఏమోయ్, అడుగు కనిపిస్తోంది."

మేడమ్‌గారు టేపు పట్టుకుని పైకి వెళ్లి కొలిచారు. ఇవతలి అంచు నుంచి అవతలి అంచుకు ఎనభై. అమ్మాయి ముఖం పాలిపోయింది. తప్పు వాల్వు మీదికి నెట్టేయమని భర్తగారు చెవిలో చెప్పారు. మేడమ్‌గారు వినకుండా మెట్లు దిగి తిన్నగా తలుపు దగ్గరికే వెళ్లారు.

"అన్నయ్యగారూ, వాల్వు కాదు. వ్యాసార్ధాన్ని వ్యాసంగా చెప్పాను. ట్యాంకు వెయ్యి లీటర్లదే. తప్పు నాది."

లోపల ఖాళీ బకెట్ చప్పుడైంది. "లెక్క తర్వాత చూద్దాం చెల్లెమ్మా. ముందు నీళ్లు."

పక్కింటి నుంచి బకెట్లు వచ్చాయి. ఎర్రబడిన కళ్లతో భోజనానికి కూర్చున్న వియ్యంకులవారు అమ్మాయి వైపు చూసి అన్నారు: "మా ఇంట్లో తప్పు ఒప్పుకోవాలంటే ఏళ్లు పడుతుంది. మీ అమ్మ మెట్లు దిగేలోపు ఒప్పుకుంది. నువ్వు మా ఇంటికి రావాల్సిందేనమ్మా."

మర్నాడు ఈ కథను కార్యాలయంలో మొదట చెప్పింది మేడమ్‌గారే. నాటి నుంచి కింది ఉద్యోగులు తమ పొరపాట్లను దాచకుండా నేరుగా వారి గదికి తెచ్చేవారు. చీవాట్లు దక్కేవి, కాపాడే చెయ్యీ దక్కేది.

జీవితమంతా నీటితో గడిపిన మేడమ్‌గారికి ఈత రాదన్న సంగతి ఈ మధ్యనే బయటపడింది. వచ్చే నెల ఆరేళ్ల మనవరాలితో పాటు ఈత తరగతిలో చేరుతున్నారు. ఆ చిన్నారి చేయి పట్టుకుని వారు నిర్భయంగా నీటిలోకి దిగాలనీ, భర్తగారు గట్టున తువ్వాలు పట్టుకుని ఎదురుచూడాలనీ, ఆరోగ్యంతో, ఆనందంతో మేడమ్‌గారు నిండు నూరేళ్లు వర్ధిల్లాలనీ మనసారా కోరుకుంటున్నాము.